నాన్నగారి రైఫిల్ అమ్మేశాను, మళ్లీ దక్కించుకోవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారు 1970లలో డాక్టరుగా అమెరికా వచ్చి పెన్సిల్వేనియాలో ఒక చిన్న ఊళ్లో స్థిరపడ్డారు. అక్కడి స్నేహితులతో ఏటా జింకల వేటకు వెళ్లేవారు. ఆ రోజుల్లో కొన్న పాత వించెస్టర్ మోడల్ 94 రైఫిల్ ఆయన పోయాక నా వాటాకు వచ్చింది. నేను ఒహాయోలో ఉంటాను, సిటిజన్‌ని. తుపాకుల మీద ఆసక్తి లేక, ఇల్లు సర్దే హడావిడిలో మూడేళ్ల క్రితం దగ్గర్లోని గన్ షాపుకు 450 డాలర్లకు ఇచ్చేశాను. ఈ మధ్య తమ్ముడు దాని గురించి అడిగితే అమ్మేశానని చెప్పాను. వాడు ఏమీ అనకుండా ఫోన్ పెట్టేశాడు. అప్పటి నుంచి మనసు మనసులో లేదు. షాపుకెళ్తే, అమ్ముడైపోయింది, కొన్నవారి వివరాలు ఇవ్వలేమన్నారు. నా రసీదులో సీరియల్ నంబర్ ఉంది, పదిహేడు లక్షల పైచిలుకు. దాన్ని తిరిగి కొనే దారి ఉందా? మేమని తెలిస్తే ధర పెంచేస్తారేమో, హెచ్-1బి మీద ఉన్న మా బావమరిదిని పంపి కొనిపించవచ్చా? దొరికితే ఎంత వరకు పెట్టవచ్చు?

సమాధానం: ముందు బావమరిది సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీ ఉత్తరంలో నిజంగా ప్రమాదకరమైన మాట అదొక్కటే. ఆయన్ను పంపకండి. సిటిజన్ అయిన స్నేహితుణ్ణి కూడా పంపకండి.

లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర ఏ తుపాకి కొన్నా ఫారం 4473 నింపాలి. అందులో ‘అసలు కొనుగోలుదారు మీరేనా’ అని సూటిగా అడుగుతారు. మీ డబ్బుతో మీ కోసం కొంటున్న మనిషి అక్కడ అవునని రాస్తే అది ఫెడరల్ నేరం. ఇద్దరికీ తుపాకి కొనే హక్కు ఉంది కదా, తప్పేముంది అన్న వాదన నిలవదు. అబ్రామ్‌స్కీ అనే మాజీ పోలీసు అధికారి తన దగ్గరి బంధువు కోసం పిస్టల్ కొన్న కేసులో 2014లో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. అక్కడ ఇద్దరూ చట్టప్రకారం కొనగలిగినవారే, అయినా శిక్ష నిలబడింది. 2022లో వచ్చిన చట్టం, తుపాకి కొనే హక్కు లేనివారి కోసమో నేరానికి వాడబోయేవారి కోసమో చేసే బినామీ కొనుగోళ్లను ప్రత్యేక నేరంగా చేసి, 15 ఏళ్ల వరకు జైలు పెట్టింది. ఇక హెచ్-1బి లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు తుపాకి కొనడమే కాదు, దగ్గర పెట్టుకోవడం కూడా నిషేధం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవారికి మినహాయింపు ఉంది గానీ, అది వారు తమ కోసం కొనుక్కునేటప్పటి మాట. ఆయన మీ ఇంట్లోనే ఉంటుంటే, రేపు రైఫిల్ వచ్చాక దాని సేఫ్ తాళం ఆయన దగ్గర ఉండకూడదు. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ అడ్డు లేదు, ఫారంలో తమ ఏలియన్ నంబర్ రాసి కొనవచ్చు.

తమ్ముడి విషయంలోనూ ఇదే సూత్రం. మీ డబ్బుతో కొని అతనికి బహుమతిగా ఇస్తే తప్పు లేదు, అప్పుడు అసలు కొనుగోలుదారు మీరే. అతను డబ్బు పంపి, మీరు కొని, తర్వాత అతని చేతికిస్తే మాత్రం అది అతని కొనుగోలు. కాబట్టి రైఫిల్ చివరికి ఎవరి దగ్గర ఉండబోతోందో ముందే మాట్లాడుకోండి. ఎవరిది కాబోతోందో వారే డబ్బు కట్టాలి, వారే ఫారం నింపాలి. ఈ మాట కోసమైనా తమ్ముడికి ఈ వారమే ఫోన్ చేయండి. తిరిగి తెచ్చే ప్రయత్నంలో ఉన్నారని అతను ఇప్పుడే తెలుసుకోవడం మంచిది. రైఫిల్ దొరికాక ఆశ్చర్యపరచాలని ఆగితే, దొరకని పక్షంలో మీరు ప్రయత్నించారన్న సంగతి కూడా అతనికి తెలియదు. పైగా పాత ఫోటోలు అతని దగ్గర ఉండే అవకాశం ఉంది, అవి మీకు కావాలి.

ఇప్పుడు వెతకడం సంగతి. మోడల్ 94 రైఫిళ్లు 70 లక్షలకు పైగా తయారయ్యాయి. వాటిలో మీ నాన్నగారిదేదో చెప్పేది ఆ నంబరొక్కటే. రసీదును ఫోటో తీసి రెండు చోట్ల దాచండి. కంపెనీ ఈ మోడల్‌లో 15 లక్షలవ రైఫిల్‌ను 1948లో అధ్యక్షుడు ట్రూమన్‌కు, 20 లక్షలవదాన్ని 1953లో ఐసెన్‌హోవర్‌కు బహూకరించింది. మీది ఆ రెంటి మధ్యన పుట్టింది, అంటే 1950 ప్రాంతం. 1964లో కంపెనీ ఖర్చు తగ్గించుకోవడానికి తయారీ పద్ధతి మార్చింది, అప్పటి నుంచి నంబర్లు 27 లక్షలతో మొదలయ్యాయి. కలెక్టర్లు అంతకు ముందువాటినే కోరుకుంటారు. మీది ఆ కోవలోది కాబట్టి ధర కాస్త ఎక్కువే ఉంటుంది. అలాగని అరుదైనదేమీ కాదు, ఆ రోజుల్లో వేటగాళ్ల ఇళ్లలో మామూలుగా కనిపించిన రైఫిల్. ఇది మీకు మేలే. కొన్నాయన దాన్ని పెట్టుబడిగా బీరువాలో దాచుకునే రకం కాకుండా, వేటకు వాడుకునే మనిషి అయ్యే అవకాశమే ఎక్కువ. అలాంటివారితో మాట్లాడటం తేలిక.

నంబర్ కొడితే యజమాని పేరు చెప్పే రిజిస్టర్ ఎక్కడా ఉండదు. అలాంటి ఫెడరల్ రిజిస్ట్రీ పెట్టకూడదని 1986 చట్టమే అడ్డుకట్ట వేసింది. తుపాకుల వ్యాపారాన్ని పర్యవేక్షించే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ వాళ్లు నంబర్ ఆధారంగా ఆరా తీస్తారు గానీ, అది నేర పరిశోధనలో పోలీసులు అడిగినప్పుడే. తెలిసిన పోలీసాయన్ని పట్టుకుని నంబర్ కొట్టించమనడం ఆయన ఉద్యోగానికే ఎసరు. పోయిందని ఫిర్యాదు ఇస్తే వాళ్లే తెచ్చిస్తారు కదా అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మీరు సంతకం పెట్టి అమ్మిన వస్తువు మీద దొంగతనం కేసు పెట్టడం అబద్ధపు ఫిర్యాదు అవుతుంది, ఏ పాపం ఎరగని కొన్నాయన చిక్కుల్లో పడతాడు.

ఆ పేరు నిశ్చయంగా ఉన్న చోటు ఒక్కటే, మీరు అమ్మిన షాపు. డీలర్ ప్రతి తుపాకి ఎవరి దగ్గర నుంచి వచ్చింది, ఎవరికి వెళ్లింది అన్నది పుస్తకంలో రాసి తీరాలి. వ్యాపారం నడిచినంత కాలం ఆ రికార్డులు ఉంచాలి. షాపు మూతపడితే అవి ఏటీఎఫ్‌కు చేరతాయి, ఆ తర్వాత మీలాంటివారికి దారి మూసుకుపోయినట్టే. కాబట్టి షాపు తెరిచి ఉన్నప్పుడే కదలండి.

వివరాలు ఇవ్వలేమని వాళ్లు అన్నది సరైన మాటే. మీ పేరు ఇంకెవరికైనా ఇస్తే మీకూ నచ్చదు. మీరు అడగాల్సింది పేరు కాదు. ‘నేనొక ఉత్తరం రాసిస్తాను, దాన్ని ఆయనకు పంపగలరా’ అని అడగండి. దీన్ని చాలామంది యజమానులు కాదనరు, ఎందుకంటే ఎవరి గుట్టూ బయటపడదు. శనివారం మధ్యాహ్నం రద్దీలో వెళ్లకండి. వారం మధ్యలో పొద్దున్నే వెళ్లి, కౌంటర్ దగ్గర కుర్రాణ్ణి కాకుండా యజమానినో మేనేజర్‌నో కలవండి. రసీదుతో పాటు, చిరునామా రాయకుండా స్టాంపు మాత్రం అంటించిన కవరులో ఉత్తరం పెట్టి, కవరు మూయకుండా పట్టుకెళ్లండి. వాళ్లు చదివి చూసుకునే వీలుంటే పంపడానికి జంకరు. ఈ లావాదేవీ తమ షాపు ద్వారానే జరుగుతుందని, ట్రాన్స్‌ఫర్ రుసుము తమకే వస్తుందని చెప్పండి.

ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. రైఫిల్ మోడల్, కాలిబర్ (తూటా కొలత), మీరు షాపుకు అమ్మిన సంవత్సరం రాయండి. నంబర్ పూర్తిగా రాయకుండా చివరి మూడు అంకెలు వదిలేయండి. తర్వాత ఇలా:

‘ఈ రైఫిల్ మా నాన్నగారిది. ఆయన పోయిన తర్వాత తొందరపడి అమ్మాను. ఇప్పుడు మా తమ్ముడు, నేను దాన్ని మళ్లీ మా ఇంటికి తెచ్చుకోవాలనుకుంటున్నాం. మీరు న్యాయంగా కొనుక్కున్నారు, అమ్మాల్సిన అవసరం మీకు లేదని నాకు తెలుసు. ఒకవేళ ఒప్పుకుంటే మీరు పెట్టిన డబ్బుకు పైన కొంత కలిపి ఇస్తాను, ఖర్చులన్నీ నావే. డబ్బు వద్దనుకుంటే ఇదే మోడల్, ఇంతకన్నా మంచి స్థితిలో ఉన్నది వెతికి బదులిస్తాను. ఇప్పుడు ఇవ్వడం ఇష్టం లేకపోతే, ఎప్పుడైనా అమ్మాలనిపించినప్పుడు ముందుగా నాకు చెప్పండి. ఈ ఉత్తరం రైఫిల్ కేసులో ఉంచితే మీ ఇంట్లోవారికీ తెలుస్తుంది.’

కింద మీ పేరు, ఫోన్, ఈమెయిల్. నాన్నగారు ఆ రైఫిల్ పట్టుకున్న ఫోటో కాపీ ఒకటి జతచేయండి. అంతకు మించి బాధ వెళ్లబోసుకోకండి. నాలుగు పేజీల ఆవేదన చదివిన మనిషి జాలి పడినా, ఇదేదో ముదిరే వ్యవహారంలా ఉందని వెనక్కి తగ్గుతాడు.

మేమని తెలిస్తే ధర పెంచుతారేమో అన్నారు. పెంచేవారూ ఉంటారు. అయితే ఇంకో వైపు నుంచి చూడండి. ఆయన రైఫిల్‌ను అమ్మకానికి పెట్టలేదు. ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి అమ్ముతారా అంటే ఎందుకు అమ్ముతాడు? మీ నాన్నగారిదన్న ఒక్క కారణమే ఆయన చేత ఆలోచింపజేస్తుంది. ఆ కారణాన్ని దాచిపెడితే మీ చేతిలో డబ్బు తప్ప ఏమీ మిగలదు. దాచాల్సింది మీ గరిష్ఠ మొత్తం ఒక్కటే.

ఆ మొత్తాన్ని ఉత్తరం పంపకముందే, తమ్ముడితో కూర్చుని కాగితం మీద రాసుకోండి. దానికి ముందు ఆ 450 డాలర్లను మనసులోంచి తీసేయాలి. దాన్ని దగ్గర పెట్టుకుంటే ఏ ధర విన్నా అన్యాయంగానే తోస్తుంది. షాపులు సాధారణంగా తాము అమ్మగలిగే ధరలో సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా ఇచ్చి కొంటాయి. మిగతాది అద్దెకు, జీతాలకు, సరుకు అమ్ముడయ్యేదాకా నిలవ ఉన్నందుకు. ఆ లెక్కన కొన్నాయన సుమారు 700 నుంచి 900 దాకా పెట్టి ఉండవచ్చు. నేటి మార్కెట్ ధర తెలుసుకోవడానికి గన్‌బ్రోకర్ లాంటి వేలం సైట్లలో ముగిసిన వేలాలు చూడండి. ఎవరెంత అడుగుతున్నారన్నది అక్కరలేదు, ఎంతకు అమ్ముడైందన్నదే ధర. అదే కాలం, అదే కాలిబర్, దాదాపు అదే స్థితి ఉన్నవి ఆరేడు తీసుకుని, అన్నిటికన్నా పైదీ కిందదీ వదిలేసి మిగతావాటి సగటు కట్టండి.

ఆయనకు మీరిచ్చే మొదటి మాట, ఆయన పెట్టిన దానికి పావు వంతు కలిపి, ఖర్చులన్నీ మీవే అన్నట్టు ఉండాలి. బేరం కోసం తక్కువతో మొదలుపెట్టడం ఇక్కడ పనిచేయదు. అమ్మాల్సిన అవసరం లేని మనిషికి తక్కువ ధర చెబితే ఉత్తరం మడిచి పక్కన పడేస్తాడు. మార్కెట్ ధరకు ఒకటిన్నర రెట్లు దాకా వెళ్లడం మాకు సబబుగానే తోస్తుంది. ఎందుకంటే మీరు కొంటున్నది ఏ మోడల్ 94 అయినా కాదు, ఆ ఒక్కటే. రెండు రెట్లు దాటితే ఆగండి. ఆగడమంటే వదులుకోవడం కాదు, ‘ఇప్పుడు నా వల్ల కాదు, అమ్మాలనుకున్నప్పుడు గుర్తుంచుకోండి’ అని మర్యాదగా చెప్పి తలుపు తెరిచి ఉంచడం. ఈ మాటను కాగితం మీద రాయించుకోగలిగితే మరీ మంచిది. మొదట కొనే అవకాశం మీకిస్తానని నాలుగు వాక్యాలు, రెండు సంతకాలు చాలు. మొదట కాదన్నవారే ఏడాది తర్వాత ఇంకో రైఫిల్ కొనడానికి డబ్బు కావలసి ఫోన్ చేయడం ఈ రంగంలో వింత కాదు.

బదులు ఇవ్వడమన్న ఆలోచన మీద కాసేపు ఆగాలి, మీ విషయంలో అన్నిటికన్నా బాగా పనిచేసే మార్గం ఇదేనని మా నమ్మకం. డబ్బిస్తానంటే ఆయన మనసులో లెక్కలు మొదలవుతాయి: ఇంత మంచిది మళ్లీ ఎక్కడ దొరుకుతుంది, ఎంత తిరగాలి అని. ఆ తిరుగుడు మీరే తిరిగి, అదే మోడల్, అదే కాలం, అదే కాలిబర్, ఇంకాస్త నిగారింపు ఉన్న రైఫిల్‌ను ఆయన ముందు పెడితే ఆ ప్రశ్నే ఉండదు. ఆయన ఉన్న దానికన్నా మంచి రైఫిల్‌తో ఇంటికి వెళతాడు, మీకు కావలసింది మీకు వస్తుంది. కాకపోతే ఆయన ఒప్పుకున్నాకే ఆ బదులు రైఫిల్ కొనండి, వీలైతే ఆయన్నే ఎంచుకోమనండి. ముందే కొనేస్తే అది నచ్చలేదని అనవచ్చు, అప్పుడు మీకు అక్కరలేని రైఫిల్ ఒకటి మిగులుతుంది. ఇక్కడా ఒక మెలిక గమనించండి. ఆయన కోసం మీరు కొంటున్నట్టు కాకుండా, ఆ రైఫిల్ ముందు మీ సొంతమై, తర్వాత మీ రెండింటి మార్పిడి జరగాలి. సంగతి అంతా డీలర్‌కు ముందే చెప్పి, ఆయన చెప్పిన క్రమంలో కాగితాలు చేయించండి.

షాపు ద్వారా రెండు నెలల్లో జవాబు రాకపోతే ఒక్కసారి మాత్రమే గుర్తుచేయండి. ఆ తర్వాత వల కాస్త వెడల్పు చేయాలి. కొన్నాయన దాన్ని ఇప్పటికే మరొకరికి అమ్మేసి ఉండవచ్చు. చుట్టుపక్కల షాపుల్లో, గన్ షోలలో ‘కావలెను’ అని ఒక కార్డు ఇవ్వండి. వేలం సైట్లలో మోడల్, కాలిబర్, రాష్ట్రం పేర్లతో అలర్ట్ పెట్టుకోండి. కలెక్టర్లు చూసే చోట్ల ప్రకటన ఇవ్వండి. ప్రకటనలో నంబర్ పూర్తిగా పెట్టారంటే మోసగాళ్లకు పిలిచి పీట వేసినట్టే. మీ నంబర్‌ను ఏదో ఒక రైఫిల్ ఫోటో మీద అతికించి, ‘నా దగ్గరే ఉంది, ముందు అడ్వాన్స్ పంపండి’ అంటారు. కాబట్టి చివరి మూడు అంకెలు దాచండి, ఎవరైనా ఫోన్ చేస్తే ఆ మూడూ వారినే చెప్పమనండి. సరిగ్గా చెప్పినా, ఆ రోజు తేదీ, మీ పేరు రాసిన చీటీని నంబర్ పక్కన పెట్టి తీసిన కొత్త ఫోటో అడగండి. డీలర్ చేతికి రైఫిల్ చేరకముందు డబ్బు పంపకండి, వైర్ ట్రాన్స్‌ఫర్, గిఫ్ట్ కార్డు మాట ఎత్తితే ఫోన్ పెట్టేయండి.

ఎక్కడైనా వేలంలో కనిపిస్తే, కొనుగోలుదారు మీద పడే అదనపు శాతం ముందుగా చూసుకోండి. చాలా వేలం సంస్థల్లో అది 15 నుంచి 25 శాతం దాకా ఉంటుంది. మీ హద్దు 1,200 అయితే, 20 శాతం చోట మీరు పాడాల్సిన ఆఖరి పాట 1,000 మాత్రమే. ముందుగానే రాతపూర్వకంగా గరిష్ఠ పాట ఇచ్చేసి అక్కడికి వెళ్లకుండా ఉండటం మేలు. ఇంటి వస్తువు కళ్లెదుట పోతుంటే చెయ్యి దానంతటదే లేస్తుంది.

దొరికిందనుకుందాం. అదే అవునో కాదో ఎలా చూడాలి? మోడల్ 94లో నంబర్ రిసీవర్ (బ్యారెల్ వెనక ఉండే ఇనుప భాగం) అడుగున, ముందు వైపు ఉంటుంది. బయటి వెలుగులో భూతద్దంతో చూడండి. అంకెలు ఒకే లోతులో, అంచులు చెక్కుచెదరకుండా ఉండాలి. నంబర్ అరగదీసి ఉన్నా, మార్చినట్టు కనిపించినా ముట్టుకోకుండా వచ్చేయండి. అలాంటి తుపాకి దగ్గర ఉండటమే ఫెడరల్ నేరం. నంబర్ సరిపోయాక చెక్క చూడండి. పాత ఫోటోలు పెద్దవి చేసి, బట్ (భుజానికి ఆనించే వెనక చెక్క) మీద చారలు, సొట్టలు పోల్చండి. ఒక చెక్కలోని చారలు ఇంకో చెక్కలో రావు కాబట్టి, ఫోటో స్పష్టంగా ఉంటే ఇది తిరుగులేని రుజువు. చెక్క మారిపోయి ఉంటే పాతది ఉందేమో అడగండి. మార్పించినవారు చాలాసార్లు దాన్ని గరాజ్‌లో ఎక్కడో పడేసి ఉంచుతారు. మీ నాన్నగారి బుగ్గ ఆనింది ఆ చెక్కకే, దానికి విడిగా 50 డాలర్లు ఇచ్చినా నష్టం లేదు.

ఫ్యాక్టరీ ధ్రువపత్రం తెప్పిద్దామని ఎవరైనా అంటే ఆ ఖర్చు పెట్టకండి. వించెస్టర్ పాత రికార్డులు వయోమింగ్‌లోని కోడీ తుపాకుల మ్యూజియంలో ఉన్నాయి గానీ, ఈ మోడల్‌కు అవి 3,53,999 నంబర్ దాకానే. మీ కాలపు రైఫిల్ గురించి అక్కడ ఏమీ దొరకదు. దానికి చరిత్రంటూ ఉంటే అది మీ ఇంట్లోని ఫోటోలు, నాన్నగారి పాత హంటింగ్ లైసెన్సులు, కొన్నప్పటి కాగితాలే. బేరంలో భాగంగా వాటిని ఎవరికీ ఇచ్చేయకండి.

ఈ మూడేళ్లలో రైఫిల్ రూపు మారి ఉండవచ్చు. నల్లరంగు మళ్లీ వేయించి ఉంటే, స్క్రూ రంధ్రాల అంచులు గిన్నెలా లోపలికి వాలి ఉంటాయి, బ్యారెల్ మీద అక్షరాలు పలచబడి ఉంటాయి, పదునుగా ఉండాల్సిన అంచులు గుండ్రబడతాయి, తుప్పు గుంటల్లోపల కూడా నల్లగా మెరుస్తుంది. రిసీవర్ పక్కన స్కోప్ బిగించడానికి రంధ్రాలు వేసి ఉండవచ్చు. బట్‌కు రబ్బరు ప్యాడ్ పెట్టడానికి చెక్క కోసి ఉండవచ్చు. కలెక్టర్ లెక్కలో వీటిలో ఏ ఒక్కటైనా ధరను బాగా కిందికి లాగుతుంది, అది బేరంలో మీరు చెప్పుకోదగిన మాటే. కానీ మీరు కొనాలా వద్దా అన్నది దీన్ని బట్టి తేల్చకండి. రంగు మారినా ఆ ఇనుము అదే. ఒక్క పని మాత్రం చేయకండి: దాన్ని మళ్లీ పాత రూపానికి తేవాలని ఇంకో మెకానిక్ చేతికివ్వడం. ప్రతి పాలిష్‌తో ఇంకాస్త లోహం, ఇంకాస్త గుర్తు పోతుంది.

చేతులు మారే పద్ధతి. ఆయనా ఒహాయోవారే అయితే, రైఫిల్ విషయంలో ఇద్దరు ప్రైవేటు వ్యక్తులు నేరుగా అమ్ముకోవడాన్ని ఫెడరల్ చట్టం గానీ మీ రాష్ట్రం గానీ అడ్డుకోవు. అయినా షాపు ద్వారానే చేయండి. 25 నుంచి 50 డాలర్ల దాకా అయ్యే రుసుముతో ఇద్దరికీ రికార్డు ఉంటుంది, ఆయనకూ ధైర్యం. ఆయన వేరే రాష్ట్రంలో ఉంటే మాత్రం డీలర్ లేకుండా చేయడం నేరం. సులువైన దారి, రైఫిల్‌ను మీ రాష్ట్రంలోని డీలర్‌కు తెప్పించుకోవడం. మీరు అక్కడ ఫారం నింపాలి, ఎఫ్‌బీఐ నడిపే బ్యాక్‌గ్రౌండ్ చెక్ పూర్తవ్వాలి. చాలాసార్లు నిమిషాల్లో ‘ప్రొసీడ్’ వస్తుంది. ‘డిలేడ్’ అంటే కంగారు పడకండి, మనవాళ్ల పేర్లు ఇంకెవరి పేరుతోనో కలిసినప్పుడు ఇది మామూలే. ఫారంలో పేరు మీ ఐడీలో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయండి, చిరునామా కూడా ప్రస్తుతం ఉంటున్నదే కావాలి. ఐడీలో పాత చిరునామా ఉంటే ముందు బీఎంవీలో (డ్రైవింగ్ లైసెన్సులిచ్చే కార్యాలయంలో) మార్పించుకుని వెళ్లండి. చివరి నిమిషంలో పని ఆగేది చాలాసార్లు ఇక్కడే.

వెతుకులాట సాగేలా ఉంటే క్యూరియో అండ్ రెలిక్ లైసెన్స్ గురించి ఆలోచించవచ్చు. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న తుపాకులను వేరే రాష్ట్రాల నుంచి కూడా నేరుగా ఇంటికి తెప్పించుకోవడానికి ఇది కలెక్టర్లకు ఇచ్చే లైసెన్స్. మూడేళ్లకు 30 డాలర్లు. వచ్చిన ప్రతిదాన్నీ పుస్తకంలో రాసి ఉంచాలి. ఒక్క రైఫిల్ కోసమైతే మాత్రం డీలర్ దారే సులువు.

రసీదులో మోడల్, కాలిబర్, పూర్తి నంబర్, మొత్తం, తేదీ ఉండేలా చూడండి. చేతికి రాగానే, ఖాళీగా ఉందని ఎవరు చెప్పినా సరే, లీవర్‌ను చాలాసార్లు పూర్తిగా తెరిచి మూసి, తూటా పేలే గది అయిన ఛాంబర్‌లోకీ, తూటాలు నిలవ ఉండే బ్యారెల్ కింది గొట్టంలోకీ చూడండి. గొట్టంలో ఇరుక్కున్న తూటా ఒక్కోసారి మొదటి రెండు మూడు సార్లకు బయటికి రాదు. కాల్చే ఉద్దేశం ఉంటే ముందు తుపాకుల మెకానిక్ అయిన గన్‌స్మిత్‌తో హెడ్‌స్పేస్ (ఛాంబర్‌లో తూటా వెనక మిగిలే ఖాళీ) చూపించండి. సాధారణ మొనదేలిన తూటాలు దీనిలో వేయకూడదు. గొట్టంలో ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి కాబట్టి, వెనకదాని మొన ముందుదాని అడుగున మందు అంటించే ప్రైమర్‌ను పొడిచి అక్కడే పేలే ప్రమాదం ఉంది.

దాచేటప్పుడు తోలు కేసులో పెట్టకండి. తోలు పదును చేసే రసాయనాలు, అది పీల్చే తేమ కలిసి ఇనుమును తినేస్తాయి. ఫోమ్ ఉన్న పెట్టె రేంజ్‌కు తీసుకెళ్లడానికే, నెలల తరబడి ఉంచడానికి కాదు. సేఫ్‌లో తేమ 50 శాతం దగ్గర ఉండాలి, లోహం మీద పలచగా నూనె తుడవాలి. నూనె ఎక్కువైతే కిందికి జారి, బట్ రిసీవర్‌తో కలిసే చోట చెక్కను మెత్తబరుస్తుంది. అందుకే పాత రైఫిళ్లను చాలామంది బ్యారెల్ మొన కిందికి పెట్టి నిలబెడతారు.

సేఫ్ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే, లేదా ఎవరైనా తీవ్రమైన కుంగుబాటులో ఉంటే, మంచి సేఫ్ కొని బిగించే వరకు రైఫిల్‌ను ఇంటికి తేకండి. డీలర్‌తో మాట్లాడి కొన్నాళ్లు అక్కడే ఉంచవచ్చు. ఇల్లాలి అభిప్రాయం కూడా ఉత్తరం పంపకముందే అడగాలి, రైఫిల్ గుమ్మంలోకి వచ్చాక కాదు.

ఇక కాగితాలు. ఇంటి ఇన్సూరెన్స్ పాలసీల్లో తుపాకుల దొంగతనానికి విడిగా ఒక హద్దు ఉంటుంది, చాలా పాలసీల్లో 2,500 డాలర్లు. ఈ ఒక్క రైఫిల్‌కు అది సరిపోతుంది గానీ, ఫోటోలు, నంబర్, రసీదు కాపీ ఇంటి బయట ఎక్కడైనా ఉంచండి. మీ విల్లులో ‘తుపాకులు’ అని ఊరికే రాయకుండా మోడల్, సీరియల్ నంబర్, ఎవరికి చెందాలో పేరుతో రాయించండి. బతికుండగా వేరే రాష్ట్రంలో ఉన్న తమ్ముడికి బహుమతిగా ఇవ్వాలంటే డీలర్ ద్వారా వెళ్లాలి. విల్లు ద్వారా సంక్రమిస్తే, అతని రాష్ట్ర చట్టం ఒప్పుకున్నంత వరకు, ఫెడరల్ చట్టం అతన్ని నేరుగా తీసుకెళ్లనిస్తుంది. పెన్సిల్వేనియా నుంచి ఆ రైఫిల్ మీ దగ్గరకు వచ్చింది కూడా ఆ మినహాయింపు మీదే.